అచ్చుల బీరువా

జూన్ 3, సోమవారం

ఈరోజు నుంచి ఒక బీరువా నాది. దాని నిండా నోళ్ళు.

ఇంటికొచ్చి ఈ మాటే చెప్తే అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ప్లాస్టర్ నోళ్ళమ్మా, అచ్చులు అని నచ్చజెప్పాల్సి వచ్చింది. మొర్రితో, అంగిలి చీలికతో పుట్టిన పిల్లలకి మా పళ్ళాసుపత్రిలో ఆపరేషన్ చేసి కుడతారు కదా. వాళ్ళకి ఎనిమిదేళ్ళు నిండాక పిలిచి, పై దవడకి అచ్చు తీసి దాస్తారు. అలాంటివి ఎనభై ఉన్నాయి. కొందరికి ఏడాది దాటకముందే అంగిలి కుట్టారు. కొందరిని ఇంట్లోవాళ్ళు నాలుగైదేళ్ళు వచ్చేదాకా తీసుకురాలేదు. కుట్టిన చోట మచ్చ బిగుసుకుంటుంది. అది అంగిలిని పెరగనివ్వకుండా లాగుతుందా? లాగితే ఎంత? పెద్ద డాక్టరమ్మకి తెలియాల్సింది అది. కొలవాల్సింది నేను.

అమ్మ అంతా విని, పక్కింటావిడతో ‘‘మా అమ్మాయి ఇప్పుడు పిల్లల డాక్టరు’’ అంది. పోయిన నెల దాకా పళ్ళ డాక్టరుని. మా ఇంట్లో పదో తరగతి గడప దాటింది నేనొక్కదాన్నే కాబట్టి నేను ఏం చేసినా డాక్టరునే.

బావ బస్సు డ్యూటీ దిగి, అక్కని తీసుకెళ్ళడానికి వచ్చి, ‘‘నోళ్ళు కొలిచే ఉద్యోగమా? మంచిదే చదువులమ్మా. కానీ మీ అక్క నోరు మాత్రం ముట్టుకోకు, టేపు చాలదు’’ అన్నాడు. అక్క చేతిలో ఉన్న తువ్వాలు ఎగిరి ఆయన మొహం మీద పడింది.

డాక్టరమ్మ మూడు నియమాలు పెట్టింది. ఒకటి, ప్రతి అచ్చు మీదా నంబరు కనపడకుండా తెల్ల స్టిక్కరు, దాని మీద ఒక రహస్య గుర్తు ఉంటాయి. ఏ పిల్లకి ఏ వయసులో కుట్టారో కొలిచే మనిషికి తెలియకూడదు. రెండు, రెండు కోరపళ్ళ కొనల మీదా పెన్సిలుతో చుక్క పెట్టి, కాలిపర్ అనే ఇనప కొలబద్దతో చుక్క నుంచి చుక్కకి కొలవాలి. మొదటిసారి నీలం, కొన్నాళ్ళాగి మళ్ళీ ఎరుపు. మూడోది నవ్వుతూ చెప్పింది: ‘‘కొలతలు ఒక పుస్తకంలో రాయి. మనసులో మాటలు ఇంకో పుస్తకంలో రాసుకో. రెండూ కలపకు.’’

ఆవిడ ఊరికే అని ఉంటుంది. నేను వచ్చేటప్పుడు ఈ పుస్తకం కొనుక్కొచ్చాను.

జూన్ 4

పదకొండు అచ్చులు. మణికట్టు నొప్పి. అన్నీ నీలం చుక్కలు.

జూన్ 6, గురువారం

పిచ్చుకకి ఆపరేషన్ తారీకు ఇచ్చారు. జూలై నాలుగు.

పిచ్చుకంటే అక్క కూతురు, పదకొండు నెలలు. పెదవి నాలుగో నెలలోనే కుట్టారు, ఇప్పుడు చిన్న గీత మిగిలింది, నవ్వితే అది కూడా నవ్వుతుంది. అంగిలి ఇంకా తెరిచే ఉంది. పాలు తాగుతూ నవ్వితే ముక్కులోంచి వస్తాయి. అప్పుడు ఆ పాలని చూసి ఇంకా నవ్వుతుంది. అక్క చంకలో ఎప్పుడూ రెండు తువ్వాళ్ళు.

తారీకు కాగితం అక్క నాకే ఇచ్చింది. ‘‘నువ్వు చూడు. నువ్వు సరేనంటే సరే.’’

‘‘డాక్టరమ్మ చెప్పాక నేను చూసేదేముంది అక్కా?’’

‘‘ఆవిడ అందరికీ చెప్తుంది. నువ్వు మాకు చెప్తావు.’’

కాగితం ఈ పుస్తకంలోనే పెట్టాను.

జూన్ 9, ఆదివారం

చిన్నతాత వచ్చాడు. అమ్మకి బాబాయి. అరవై ఆరేళ్ళు, ఇంకా తాపీపని మానలేదు. మా ఇంట్లో ఈ చీలిక ముందు ఆయనకి వచ్చింది, తర్వాత నాకు, ఇప్పుడు పిచ్చుకకి. బావ దీన్ని ‘‘మీ వంశం ముద్ర’’ అంటాడు. చిన్నతాతకి పెదవి చిన్నప్పుడెవరో కుట్టారు, అంగిలి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆయన ‘ప’ అంటే గాలి ముక్కులోకి జారి ‘మ’ అవుతుంది. ‘త’ అంటే ‘న’ అవుతుంది. ఇక్కడ నేను ఆయన మాటలు మామూలుగానే రాస్తున్నాను, నా చెవికి అవి మామూలుగానే వినపడతాయి కాబట్టి.

వీధిపిల్లి ఒకటి వంటింట్లోకి అలవాటు పడింది. అక్క ‘‘పో!’’ అంటే పరిగెడుతుంది. అమ్మ ‘‘పో!’’ అంటే కిటికీ ఎక్కుతుంది. చిన్నతాత పొమ్మంటే మాత్రం తీరిగ్గా వచ్చి ఆయన ఒళ్ళో పడుకుంటుంది.

‘‘దీనికి నా మాట అర్థం కాదే’’ అన్నాడు దాని వీపు నిమురుతూ.

‘‘అర్థమయ్యే కూర్చుంది బాబాయ్! నువ్వు దాన్ని రమ్మన్నావు’’ అంది అమ్మ.

నేను పెరట్లో ప్లాస్టర్ కలపడం సాధన చేస్తుంటే వచ్చి నిలబడ్డాడు. నా అచ్చుల్లో బుడగలు వస్తున్నాయి. ఆయన ఒక్క చూపు చూశాడు.

‘‘పొడిలో నీళ్ళు పోస్తున్నావు. నీళ్ళలో పొడి చల్లాలి. చల్లి కాసేపు ఊరుకోవాలి. దానికి దాహం తీరాక కలుపు.’’

అలాగే చేశాను. ఒక్క బుడగ లేదు! రెండేళ్ళ డెంటల్ టెక్నీషియన్ డిప్లమాలో ఎవరూ చెప్పని మాట.

‘‘నాది కూడా తియ్యవే అచ్చు’’ అన్నాడు. ‘‘ఈ ఊళ్ళో సగం గోడలకి నేను పూత పూశాను. నా నోటికి ఎవరూ పుయ్యలేదు.’’

జూన్ 14, శుక్రవారం

నీలం చుక్కలు పూర్తి. ఎనభై.

మధ్యాహ్నం చిన్నతాత అచ్చు తీశాం. ముద్ద నోట్లో పెట్టుకుని కూర్చున్నంతసేపూ చేతివేళ్ళతో ‘ఇంకెంతసేపు’ అని అడుగుతూ, అందరినీ నవ్వించాడు. అచ్చు గట్టిపడ్డాక డాక్టరమ్మ దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. ‘‘మధ్యలో చీలిక ఉంది గానీ, దవడ చూడండి ఎంత విశాలంగా పెరిగిందో! కత్తి తగలని అంగిలి. ఇలాంటిది ఈ రోజుల్లో దొరకదు’’ అంది. నర్సులు కూడా వచ్చి చూశారు. చిన్నతాత తన ఇల్లు చూపిస్తున్నవాడిలా నిలబడ్డాడు.

కోరపన్ను నుంచి కోరపన్నుకి ముప్ఫై ఆరు మిల్లీమీటర్లు.

అందరూ వెళ్ళాక నా అచ్చు తీసి కొలిచాను. డిప్లమాలో ఒకరి నోటికి ఒకరం తీసుకున్నది, నా డ్రాయరులో వెనక్కి పెట్టి ఉంది. ఊరికే, పక్కపక్కన పెట్టి చూద్దామని.

ఇరవై ఎనిమిది.

నాకు పదో నెలలో కుట్టారు.

జూన్ 15

అద్దంలో చూసుకుంటే నా కింది పళ్ళు పై పళ్ళకి ముందు నిలబడతాయి. ఇది కొత్త సంగతేం కాదు. నవ్వేటప్పుడు చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వస్తుంది. ఇదీ కొత్త కాదు. ఊరికే రాశాను.

జూన్ 17, సోమవారం

ఈరోజు నుంచి ఎర్ర చుక్కలు.

ఒక సంగతి. స్టిక్కర్ల జాబితా, ఏది ఎవరిదో, ఎవరికి ఎప్పుడు కుట్టారో, డాక్టరమ్మ టేబుల్ మీద తెరిచి ఉంది. నేను చూడాలని చూడలేదు. టీ కప్పు పెట్టడానికి వెళ్ళాను. కళ్ళున్నాయి కాబట్టి కనపడింది. రెండు పేజీలే.

నీలం కొలతలతో ఊరికే ఒక లెక్క వేసి చూశాను. ఏడాది లోపు కుట్టినవాళ్ళ అంగిళ్ళు, ఆలస్యంగా కుట్టినవాళ్ళవాటికంటే సుమారు ఒక మిల్లీమీటరు ఇరుకు. ఒక్కటే. పెద్ద తేడా ఏం కాదు. రెండోసారి ఇంకా జాగ్రత్తగా కొలుస్తాను, అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

జాబితా చూసినంత మాత్రాన కాలిపర్‌కి ఏం తెలుస్తుంది? అది ఇనుము.

జూన్ 19

ఇరవై రెండు అచ్చులు. పెన్సిలు బాగా చెక్కుకున్నాను.

జూన్ 22, శనివారం

పూర్తి. ఎర్ర చుక్కల లెక్క ప్రకారం తేడా రెండు మిల్లీమీటర్ల పైనే. నేను అనుకున్నదే. మొదటిసారి చెయ్యి అలవాటు లేక తప్పు పోయి ఉంటుంది.

జూన్ 23, ఆదివారం

అక్కకి చెప్పేశాను.

‘‘ఇప్పుడొద్దు అక్కా. ఇప్పుడు కుడితే అంగిలి ఇరుకైపోతుంది. నాలుగేళ్ళు రానీ. చిన్నతాత అచ్చు చూశావుగా, ఎంత వెడల్పో. నేను కొలిచాను, రెండుసార్లు కొలిచాను.’’

అక్క పిచ్చుక మూతి తుడుస్తూ వింది. ‘‘అయితే ఫోన్ చేసి వద్దని చెప్పనా?’’

‘‘చెప్పు.’’

‘‘సరే.’’

అంతే. ఇంకేమైనా అడుగుతుందనుకున్నాను. జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఏమీ అడగలేదు. బావ మాత్రం, ‘‘చదువులమ్మ చెప్పిందంటే కండక్టర్ విజిల్ వేసినట్టే. బండి ఆపాల్సిందే’’ అన్నాడు.

నిద్ర బాగానే పట్టింది.

జూన్ 24

నేను చెప్పింది సరైనదే. రెండుసార్లు కొలిచాను.

జూన్ 26, బుధవారం

డాక్టరమ్మ నా కొలతల పుస్తకం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. పది నిమిషాలు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పింది. తర్వాత లేచి, బీరువాలోంచి ఆరు అచ్చులు తెచ్చి భూతద్దం కింద పెట్టింది.

‘‘చూడు. ఈ పిల్లల కోరపళ్ళు అరిగిపోయాయి. కొన సూదిలా లేదు, చదునుగా ఉంది. చుక్క ఆ చదునులో ఎక్కడైనా పెట్టొచ్చు. నీలం చుక్క ఎక్కడ పెట్టావు?’’

‘‘మధ్యలో మేడమ్.’’

‘‘ఎరుపు?’’

చూశాను. మూడు అచ్చుల్లో ఎర్ర చుక్కలు లోపలి అంచుకి జరిగి ఉన్నాయి. రెండు వైపులా. మిగిలిన మూడింట్లో బయటి అంచుకి. పెన్సిలు మొన అంత జరుగుడు. నేను చెక్కి చెక్కి సన్నగా చేసుకున్న మొన.

‘‘లోపలికి జరిగినవన్నీ త్వరగా కుట్టిన పిల్లలవి’’ అంది. ‘‘బయటికి జరిగినవన్నీ ఆలస్యంగా కుట్టినవాళ్ళవి. ఒక్కటి కూడా తప్పిపోలేదు. తెలియని చెయ్యి ఇంత చక్కగా పొరపాటు చెయ్యదమ్మా.’’

జాబితా సంగతి చెప్పాను. టీ కప్పు సంగతి కూడా చెప్పబోయాను, కానీ చెప్తుంటే నాకే సిగ్గేసింది.

తిడుతుందనుకున్నాను. ఆవిడ ఎర్రపెన్సిలు తీసుకుని తన కోటు జేబులో పెట్టుకుంది, పిల్లల దగ్గర అగ్గిపెట్టె లాక్కున్నట్టు.

‘‘ఇంకొకరితో స్టిక్కర్లన్నీ మార్పిస్తాను. మళ్ళీ ఎనభై. ఈసారి ఆకుపచ్చ.’’

‘‘మేడమ్, అసలు తేడా లేదా అయితే?’’

‘‘ఉంది. నీ నీలం చుక్కలు చెప్పినంత ఉంది. మచ్చ లాగుతుంది, కాదని ఎవరన్నారు? త్వరగా కుడితే ఇంకాస్త లాగుతుంది. కానీ అచ్చు మాట్లాడదు. ఆలస్యంగా కుట్టిన ఈ పిల్లలు కింద అంతస్తులో మాట నేర్పే టీచరు దగ్గరికి ఎన్నేళ్ళ నుంచి వస్తున్నారో నీ కాలిపర్ చెప్పదు. ఈ బీరువాలో ఉన్నది సగం లెక్క.’’

పిచ్చుక సంగతి చెప్పలేదు. చెప్పాల్సింది. 

జూన్ 27, గురువారం

క్యారేజీ మర్చిపోయి వెళ్ళాను. చిన్నతాత దాన్ని పట్టుకుని పన్నెండింటికి ఆసుపత్రికి వచ్చాడట. నా గదికి వచ్చేసరికి ఒకటిన్నర దాటింది. వచ్చి స్టూలు మీద కూర్చుని, ఆ కథంతా వేడుకగా చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తాను.

‘‘గేటు దగ్గర కుర్రాడు ఎవరు కావాలన్నాడు. నీ పేరు చెప్పాను. ఏంటన్నాడు. మళ్ళీ చెప్పాను. ఏంటన్నాడు. మూడోసారి గట్టిగా చెప్పాను. నాకు చెవుడనుకున్నాడు పాపం, వాడు కూడా అరవడం మొదలెట్టాడు. ఇద్దరం అరుచుకున్నాం. వెనకాల లైను పెరిగింది. కాగితం ఇచ్చి రాయమన్నాడు. నాకు రాత ఎక్కడిది? గోడ మట్టం చూసే రసమట్టం బొమ్మ గీస్తే నీ గది చూపిస్తాడా?’’

‘‘మరి ఏం చేశావు తాతా?’’

‘‘బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగోడకి పూత ఎవరు వేశారో గానీ, వాడి చేతులు విరగ్గొట్టాలి. గంటసేపు ఆ గోడనే చూశాను. తర్వాత ఒక నర్సమ్మ ఇటు వెళ్తుంటే నాకు ఉపాయం తట్టింది. ఏం మాట్లాడలేదు. నోరు ఇంత పెద్దగా తెరిచి చూపించాను. ఆవిడ ‘అబ్బో, మీరా! మూడో అంతస్తు’ అంది. చూశావా, నా చిరునామా నా నోట్లోనే ఉంది!’’

నవ్వాడు. నేను కూడా నవ్వాలి, ఆయన నవ్వించడానికే చెప్పాడు. క్యారేజీ మూత తీస్తూ కూర్చున్నాను.

నేను ఈ ఉద్యోగానికి మొదటిరోజు వచ్చినప్పుడు అదే గేటు దగ్గర అదే కుర్రాడు ‘ఎవరు’ అన్నాడు. పేరు చెప్పాను. గేటు తీశాడు. ఆరోజు అది రాసుకోవాల్సిన సంగతని కూడా అనుకోలేదు.

‘‘పిచ్చుకకి వచ్చే గురువారమే కదూ ఆపరేషను?’’ అన్నాడు లేస్తూ.

‘‘వాయిదా పడింది తాతా.’’

‘‘పడిందా, వేశారా?’’

నేను గబగబా మాట్లాడటం మొదలెట్టాను. వెడల్పు గురించి, మిల్లీమీటర్ల గురించి, ఆయన ముప్ఫై ఆరు గురించి. ఆయన బీరువా దగ్గరికి వెళ్ళి తన అచ్చు తీసుకుని, గోడని తట్టి చూసినట్టు వేలితో తట్టాడు.

‘‘బాగుంది. పెద్ద హాలు. కానీ తలుపుల్లేని హాలు అమ్మడూ. అరవై ఏళ్ళుగా ఒక్క మాట కూడా లోపల నిలవలేదు, గాలి కొట్టుకుపోయింది.’’ అచ్చుని మళ్ళీ జాగ్రత్తగా అరలో పెట్టాడు. ‘‘ఇరుకు గదిలో మనుషులు ఉండగలరు. నేను కట్టాను అలాంటివి, నాకు తెలుసు.’’

జూన్ 28, శుక్రవారం

పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్ళాను. ఆవిడ ఇంకా సంచి కూడా దించలేదు. అంతా చెప్పాను. ఈసారి టీ కప్పు లేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ‘‘ఆ తారీకు ఎందుకు వద్దన్నారా అనుకున్నాను. నాలుగో తారీకు ఇంకొకరికి ఇచ్చేశాం. ఇరవై అయిదు ఖాళీ ఉంది. మూడు వారాల్లో మునిగిపోయేదేం లేదు. మూడేళ్ళయితే వేరే మాట.’’ తర్వాత, ‘‘కానీ తారీకు నీకివ్వను. వాళ్ళమ్మ వచ్చి అడగాలి. అంతా తెలుసుకుని అడగాలి’’ అంది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. సంచిలో రెండు అచ్చులు. అక్క మిషను మీద ఏదో కుడుతోంది. పిచ్చుక కింద కూర్చుని గుడ్డముక్కలు చింపుతోంది, చింపలేక వాటిని తిడుతోంది. దాని తిట్లన్నీ ‘మ’లు, ‘న’లు.

‘‘నేను తప్పు చెప్పాను అక్కా.’’

మిషను ఆగింది.

పెన్సిలు చుక్కలతో సహా చెప్పాను. అక్క నన్ను ఎప్పుడూ గట్టిగా ఒక్క మాట అనలేదు. స్కూలుకి నన్ను ఎత్తుకెళ్ళి దింపి, తను పనికి వెళ్ళింది అక్క.

‘‘నేను చదువుకోలేదని కదే నీ మాట విన్నాను!’’ అంది. ‘‘నాకు తెలియదని విన్నాను. నీకు కూడా తెలియకపోతే, తెలియదని చెప్పొద్దా? దాని నోరు నీ పరీక్ష పేపరా?’’

పిచ్చుక గుడ్డముక్క వదిలేసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బావ గుమ్మంలో షూ విప్పబోయి, విప్పకుండానే మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

‘‘నేను పిచ్చుక గురించే ఆలోచించాననుకున్నాను’’ అన్నాను. ‘‘నా పళ్ళ గురించి ఆలోచించాను.’’

అక్క నా మొహంలోకి చూసి, ‘‘ఏమైంది నీ పళ్ళకి?’’ అంది.

నిజంగానే అడిగింది! ఇరవై నాలుగేళ్ళు నా మొహం ఎదురుగా ఉన్న మనిషి! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. పిచ్చుక పకపకా నవ్వింది. దానికి అది బాగా తెలిసిన చప్పుడు.

‘‘సరే, ఏడవకు. ఈసారి మొత్తం చెప్పు. రెండు వైపులా చెప్పు’’ అంది అక్క, మిషను మీది గుడ్డ పక్కకి జరిపి.

ఆ జాగాలో రెండు అచ్చులూ పెట్టాను. చిన్నతాతది, నాది. అక్క రెండిట్లోనూ వేలు పెట్టి తడిమి చూసింది, బట్ట నాణ్యం చూసినట్టు.

‘‘ఇరుకైతే తర్వాత వెడల్పు చేస్తారా?’’

‘‘చేస్తారు. పళ్ళకి క్లిప్పులు పెట్టి కొంత. కొందరికి పెద్దయ్యాక దవడకి ఆపరేషన్ కూడా కావాలి. నొప్పి ఉంటుంది. పూర్తిగా సరిపోకపోవచ్చు.’’

‘‘మాట తర్వాత బాగు చేస్తారా?’’

‘‘చేస్తారు. కానీ ముక్కుతో మాట్లాడటం ఒకసారి అలవాటైతే మార్చడం చాలా కష్టం. కొందరికి మారదు.’’

‘‘ఇప్పుడు కుడితే మాట తప్పకుండా వస్తుందా?’’

వస్తుందని చెప్పాలని ఎంత ఉందో. ‘‘తప్పకుండా అని చెప్పలేను అక్కా. ఎక్కువ మందికి వస్తుంది. కొందరికి మళ్ళీ ఇంకోసారి చెయ్యాల్సి వస్తుంది.’’

‘‘ఊఁ.’’ అక్క నా అచ్చు చేతిలోకి తీసుకుంది. ‘‘ఇది నీదా?’’

‘‘నాదే.’’

‘‘దీంతోనేగా ఇంతసేపూ వాగావు.’’ అచ్చు నా చేతిలో పెట్టింది. ‘‘రేపు పొద్దున నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళు. నేనడుగుతాను తారీకు.’’

జూన్ 29

అక్క అడిగింది. జూలై ఇరవై అయిదు. డాక్టరమ్మని పదకొండు ప్రశ్నలు వేసింది. నేను తలుపు పక్కన నిలబడి లెక్కపెట్టాను. అందులో నాలుగు నాకు ఎప్పుడూ తట్టలేదు.

జూలై 10

ఆకుపచ్చ చుక్కలు. ఇరవై ఆరు అచ్చులు. ఏది ఎవరిదో తెలియదు. ఎంత హాయిగా ఉందో.

జూలై 25, గురువారం

రెండు గంటలు పట్టింది. బాగా జరిగింది.

బావ వరండాలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచాడు. చిన్నతాత చివరికి విసుగొచ్చి, ‘‘కూర్చో నాయనా, ఈ రూటులో నీకు ప్యాసింజర్లు లేరు’’ అన్నాడు. బావకి ఆయన మాట సగమే అర్థమవుతుంది ఎప్పుడూ. ఇది పూర్తిగా అర్థమైంది. కూర్చున్నాడు.

పిచ్చుక కళ్ళు తెరిచి అందరినీ ఎర్రగా చూసింది. నన్ను ఇంకొంచెం ఎర్రగా.

ఆగస్టు 14, బుధవారం

రెండు సంగతులు.

ఒకటి, ఆకుపచ్చ చుక్కలు పూర్తి. డాక్టరమ్మ కొత్త జాబితా తనే తెరిచి లెక్క కట్టింది. మా బీరువాలో ఏడాది లోపు కుట్టిన పిల్లల అంగిళ్ళు ఒక మిల్లీమీటరు ఇరుకు. అంతకంటే కాస్త తక్కువే. నీలం చుక్కలకి దగ్గరగా వచ్చింది. ‘‘నీ చెయ్యి మంచిదే, దాని పని దాన్ని చేసుకోనివ్వు’’ అంది. ఇప్పుడు కింద అంతస్తు టీచరు ఈ ఎనభై మంది మాటలూ రికార్డు చేసి కొలవబోతోంది, ఆవిడకి కూడా ఎవరు ఎప్పుడు కుట్టించుకున్నారో తెలియదు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి అప్పుడు చూస్తామట.

రెండు, పిచ్చుక పాలు తాగుతూ నవ్వింది. ముక్కులోంచి ఏమీ రాలేదు. అది ఆగి, ముక్కు తడుముకుని, ఎవరో దాని బొమ్మ దాచేసినట్టు మా అందరి మొహాలూ చూసింది. అక్క రెండో తువ్వాలు మడిచి బీరువాలో పెట్టేసింది.

సెప్టెంబరు 22

ఇంకా అన్నీ ‘మ’లే. టీచరు ఓపిక పట్టమంది. ఓపిక పడుతున్నాను.

అక్టోబరు 13

‘మ’లే. అక్క ఏమీ అనడం లేదు. నేనూ ఏమీ అనడం లేదు.

నవంబరు 17, ఆదివారం

ఆగలేక రాస్తున్నాను, రాత వంకరగా వస్తే రానీ.

మధ్యాహ్నం అందరం అక్కావాళ్ళింట్లో ఉన్నాం. చిన్నతాత గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మా వీధిపిల్లి అక్కడికి కూడా దారి కనిపెట్టింది, మామూలుగానే ఆయన ఒళ్ళో చేరింది. పిచ్చుకకి ఆ ఒడి కావాలి. పదహారు నెలల మనిషి, గోడ పట్టుకుని తూలుకుంటూ వెళ్ళి పిల్లి ఎదుట నిలబడింది. పిల్లి కళ్ళు మూసుకుంది.

‘‘పొమ్మను తాతా’’ అన్నాను.

చిన్నతాత పొమ్మన్నాడు. పిల్లి ఇంకాస్త ముడుచుకుంది.

అప్పుడు పిచ్చుక రెండు పెదవులూ బిగించింది. బుగ్గలు పొంగాయి. దాని మొహంలో గాలి నిలవడం నేను కళ్ళారా చూశాను.

‘‘పో!’’

అచ్చంగా అక్క గొంతు. పిల్లి ఎగిరి గుమ్మం దాటింది.

అక్క చేతిలో గరిటె అలాగే ఉంది. బావ ‘‘ఏమంది? ఏమంది?’’ అని అందరినీ అడుగుతున్నాడు, ఆ గదిలో వినపడనిది ఆయనకొక్కడికే అయినట్టు. పిచ్చుకకి తను చేసిన పని నచ్చింది. వేలు చూపించి బావని ‘‘పో!’’ అంది. అమ్మని ‘‘పో!’’ అంది. నన్ను రెండుసార్లు అంది. మా ఇంట్లో అందరం ఇంత సంతోషంగా ఎప్పుడూ తిట్లు తినలేదు.

చివరికి చిన్నతాత వైపు తిరిగింది. ఆయన మోకాళ్ళ మీదికి లేచి, మొహం దాని మొహానికి సరిగ్గా ఎదురుగా, రసమట్టం పెట్టినట్టు సమానంగా పెట్టాడు.

‘‘నన్ను కూడా అనవే’’ అన్నాడు. ‘‘గట్టిగా అను.’’

‘‘పో!’’

ఆయన లేచి, చెప్పులేసుకుని, నిజంగానే గేటు దాకా వెళ్ళాడు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమోనని పరిగెత్తాను. నవ్వుతున్నాడు.

‘‘అరవై ఆరేళ్ళు’’ అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. ‘‘ఒక్క పిల్లిని కూడా పొమ్మనలేకపోయాను. ఇది చూడు, నన్నే ఇంట్లోంచి గెంటేసింది.’’

గుమ్మంలో పిచ్చుక పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. నేనూ నవ్వాను. తర్వాత గమనించాను, నోటికి అడ్డం రాలేదు, నా రెండు చేతులూ ఆయన చేతుల్లో ఉన్నాయి.